రూతు ఆంటీ కొనుక్కున్న సెంటు

మొన్న ఇక్కడ ఐర్లండ్‌లో, డ్రోహెడా ఊళ్లో మందుల షాపులో నిలబడి ఉంటే, పక్కన ఎవరో మణికట్టు మీద కొట్టి చూసుకున్న సెంటు వాసన గుప్పుమంది. సంపెంగలా చిక్కటి వాసన. గబుక్కున తిరిగి చూశాను. రూతు ఆంటీ పోయి రెండేళ్లవుతోందని తెలిసి కూడా చూశాను.

గుంటూరు నుంచి నర్సుగా వచ్చిన కొత్తలో నాకు తన ఇంట్లో గది ఇచ్చి, వార్డులో పని నేర్పింది ఆవిడే. మొదటి రోజు డ్యూటీకి నేను ఘాటైన మల్లెపూల సెంటు కొట్టుకుని వెళ్లాను. ఆంటీ నలుగురిలో ఏమీ అనలేదు. పక్క గదిలో సింకు దగ్గరికి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి, కొళాయి తిప్పారు.

"కడుక్కో అమ్మా. వాసన పడకపోతే మనం లేచి బయటికి పోతాం. మంచం మీదున్నవాళ్లు ఎక్కడికి పోతారు?"

ఆమె తీరే అంత. క్రిస్మస్ సెలవు పిల్లలున్న నర్సులకు వదిలేసి తాను డ్యూటీ చేసేవారు. ఏం తింటారని అడిగితే, "మీకేది తేలికైతే అది చెయ్యండి" అనేవారు. ఆమెకు ఏది ఇష్టమో ఆ ఇంట్లో ఉండే మాలో ఎవరికీ తెలియదు. ఎవరమూ అడిగిన గుర్తు కూడా లేదు.

ఆంటీ రిటైరయిన వారం, కానుకగా సెంటు కొనిస్తానని బలవంతంగా షాపుకు తీసుకెళ్లాను. అమ్మే అమ్మాయి ఒక చేతికి నిమ్మపూల వాసనది, రెండో చేతికి సంపెంగలాంటిది రాసి, కాసేపాగి చూసుకోమంది. టీ తాగి, నది ఒడ్డున నడిచి వచ్చేసరికి మొదటిది మాయమైపోయింది. రెండోది ఇంకా చిక్కబడింది.

"నిమ్మదే తీసుకోండి ఆంటీ. తేలిగ్గా ఉంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నాను.

ఆంటీ నా వంక చూసి నవ్వారు. "ఎవరికీ ఇబ్బంది లేకుండానే ఇన్నేళ్లూ బతికాను కదే. ఇది నాకు నచ్చింది. రేపు పొద్దున దాకా ఉండనీ."

కారులో ఉన్నట్టుండి అడిగారు: "ఇంతకీ నీకేం కావాలి?"

"నాకెందుకాంటీ సెంటు?"

"సెంటు కాదే. నీకు."

కాన్పుల నర్సు కోర్సు చదవాలని ఉందని, నేను వెళితే వార్డులో మనుషులు చాలరని అప్లై చేయలేదని చెప్పాను.

"వార్డు సంగతి వార్డు చూసుకుంటుంది. సోమవారం అప్లై చెయ్," అన్నారు ఆంటీ, సీటు బెల్టు సర్దుకుంటూ.

చేశాను. ఇప్పుడు కాన్పుల వార్డులో డ్యూటీలు వేసేది నేనే. పోయిన వారం ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయిని ఏ రోజులు వేయమంటావని అడిగాను.

"ఏదైనా పర్వాలేదక్కా. మీకెట్ల వీలైతే అట్ల."

పెన్ను కింద పెట్టాను. "నా వీలు సరే. నీకేం కావాలి?"

డ్యూటీల కాగితం తన వైపు తిప్పుకుని చూసింది. "ఆదివారం పొద్దున మా పాపతోని ఉండాలని ఉంది," అంది.

ఆదివారం ఆమెకు సెలవు వేశాను.