అమ్మ బిందె, నా సంపు

తప్పులు అందరూ చేస్తారు. నేను మాత్రం నా తప్పును సిమెంటుతో కట్టించి, దానికి మూత కూడా వేయించినాను. మార్కాపురంలో మా వీధికొచ్చి అడగండి, ఇప్పటికీ చూపిస్తారు.

పదేళ్ళ కిందటి మాట. నా పైపుల దుకాణం అప్పుడే పుంజుకుంది. తెలివి కూడా పుంజుకుందనుకున్నా. డెబ్బై ఏళ్ళ మా అమ్మ రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళ ట్యాంకరు కాడ బిందెతో నిలబడడం నాకు నామోషీ. నిలబడడమంటే ఉత్తగా కాదు. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అని తేల్చేది ఆమే. ఆమె గొంతుండగా డ్రైవరుకు హారన్‌తో పనే లేదు.

ఇంటి ముందే సంపు తవ్వించి, నిండా నీళ్ళు కొట్టించి, "ఇంక మహారాణి లాగా కూర్చోమ్మా" అన్నా.

"నా వరస ఎవరికిచ్చొచ్చినావురా?" అనింది.

నవ్వినాను, గాడిదను.

మహారాణి కూర్చునింది. గోడ వైపు తిరిగి కూర్చునింది. నాలుగు రోజులకు మాట తగ్గింది, వారానికి కూడు తగ్గింది. నేను పిలిస్తే పలకడం కూడా మానేసింది. అమ్మ నాకు దక్కదేమోనని నిజంగా భయమేసి డాక్టరును ఇంటికి తెచ్చినా. బీపీ బాగుంది, షుగరూ బాగుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఇంటికి నీళ్ళొచ్చినాయి నాయనా."

డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, "దీనికి మందు నా దగ్గర లేదు" అని పోయినాడు.

మరునాడు ఎదురింటి మస్తాన్‌బీ గుమ్మంలోకొచ్చి కేకేసింది. "అక్కా, ట్యాంకరొచ్చింది! నువ్వు లేక అది వచ్చినప్పుడల్లా ఆడ కొట్లాటే! బిందెలన్నీ సొట్టలు పడినాయి. నీకేమైందని అందరూ నా ప్రాణం తీస్తాండారు!"

అమ్మ లేచింది. ఖాళీ బిందె చంకనెత్తుకుంది. నేను అడ్డం నిలబడినా.

"సంపు పెట్టుకుని ట్యాంకరు కాడికి పోతే నలుగురూ ఏమనుకుంటారమ్మా? నా పరువు?"

"నీ పరువు ఆ సంపులో వేసి మూత పెట్టుకో. తప్పుకోరా!"

తప్పుకోక చస్తానా? వెనకే పోయినా. ట్యాంకరు కాడ ఒకామె అడగనే అడిగింది. "మీకు సంపుంది కదా, నీకెందుకు నీళ్ళు?"

"నీళ్ళెవరికి కావాలే? నాకు వరస కావాలి. జరుగు!"

వంతు రాగానే బిందె నింపి మస్తాన్‌బీకి పోసేసి, మళ్ళీ వరస చివరికి పోయి నిలబడింది. ఆ పూట ఇంటికొచ్చి మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. నేను వంటింట్లో మొహం తిప్పుకుని ఏడ్చినా. చెప్పడానికి సిగ్గేంది?

ఇప్పుడామెకు ఎనభై. బిందె చిన్నదైంది, గొంతు కాలేదు. "ఈ వయసులో పెద్దామెను వీధిలోకి పంపుతావా?" అని చుట్టాలు నన్ను దులుపుతారు. పంపుతా! రెస్టు, రెస్టు అనేవాళ్ళు ముందు నాతో తేల్చుకోండి. మొన్న సంపు మూత మీద చెయ్యేసి, అమ్మ వినేట్టు గట్టిగా ఒట్టు పెట్టుకున్నా. "ఈ జన్మలో నీ చేతిలో బిందె లాక్కోను!"

"ముందు ఆ చెయ్యి తియ్యిరా," అనింది అమ్మ. "వడియాలు ఆరబెట్టినా!"