ఒక అక్షరం ఎక్కువున్న బూట్లు

పెళ్లిచూపులకు పెనుకొండ పోవాలని నాయన చెప్పిన మర్నాడే నేను బూట్ల కోసం హిందూపురం పోయాను. అప్పట్లో ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో పని చేసేవాణ్ణి. ఏడాదంతా కాళ్లకు హవాయి చెప్పులే. టీవీలో క్రికెట్ ఆడేవాళ్ల లాంటి తెల్ల బూట్లు వేసుకుంటే మనిషిలో కళ వస్తుందని నా నమ్మకం.

బస్టాండు దగ్గర టార్పాలిన్ పరుచుకుని అమ్మే ఒకాయన దగ్గర అచ్చం అలాంటివే దొరికాయి. బూటు పక్కన పెద్ద కంపెనీ పేరు. రెండోసారి చదివితే అందులో ఒక అక్షరం ఎక్కువుంది.

"ఏమన్నా, స్పెల్లింగు తప్పుండాదే?"

"తప్పు కాదప్పా, ఎక్స్‌పోర్టు మాలు. ఫారిన్ పోయేవాటికి ఒక అక్షరం ఎక్కువేస్తారు," అన్నాడు కన్నార్పకుండా. నాకూ నమ్మాలనే ఉంది కాబట్టి నమ్మాను.

పెనుకొండలో వాళ్ల ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. బూట్లు మెట్ల మీద ఎండలో విడిచి లోపలికి పోయాం. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. కాఫీలయ్యాక పెద్దలు మమ్మల్ని వసారాలో మాట్లాడుకోమన్నారు. ఆమె చూపు మెట్ల మీదికి పోయింది.

"మీ బూట్ల మీద ఒక అక్షరం ఎక్కువుండాది," అంది. "పిల్లోళ్ల నోట్సులు దిద్ది దిద్ది అలవాటైపోయింది. ఏమనుకోవద్దండి."

ఎక్స్‌పోర్టు కథ నాలుక చివరే ఉంది. కానీ నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటున్న ఆ ముఖం చూశాక నోరు రాలేదు.

"డూప్లికేటువే. మీకు బాగా కనపడల్లని కొన్నా," అనేశాను.

ఆమె గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. "ఏమే, అప్పుడే నగుతాండావు?" అని లోపలి నుంచి వాళ్ల అవ్వ కేకేసింది.

తిరుగు ప్రయాణంలో వాళ్ల నాయన మమ్మల్ని బస్సెక్కించడానికి వెంట వచ్చాడు. ఎండకు జిగురు కరిగిందేమో, పది అడుగులు వేశానో లేదో కుడి బూటు నోరు తెరిచింది. వీధి మలుపు తిరిగేసరికి దాని అడుగుభాగం మొత్తం ఊడి రోడ్డు మీదే ఉండిపోయింది.

"ఏమిరా, కుంటుతాండావు?" అన్నాడు మా నాయన.

నేను జవాబు చెప్పే లోపు ఆ పెద్దాయన తన తోలు చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. "తొడుక్కోప్పా. నా ఇల్లు ఈడే కదా," అని, వద్దంటున్నా వినలేదు.

అవి నా కాలికి రెండు వేళ్లు పొడుగు. టపటపలాడించుకుంటూ బస్సెక్కాను. ధర్మవరంలో దిగేటప్పుడు మా నాయన, "పిల్లను చూడబోయి మామ చెప్పులు ఎత్తుకొచ్చినోణ్ణి నిన్నే చూస్తాండా," అన్నాడు.

వారానికి కబురు పంపుదామనుకున్నారు పెద్దలు. కానీ చెప్పులు అన్నాళ్లు ఉంచుకోవడం ఎట్లా? మూడో రోజు పాలిష్ చేయించి నేనే తీసుకుపోయాను. ఆమే తలుపు తీసింది.

"చెప్పులిచ్చి పోదామని వచ్చినా," అన్నాను.

"అంతేనా?"

"మీరేమనుకున్నారో కూడా అడిగి పోదామని."

"నేను నిన్ననే సరే అనేసినా. మీ ఇంట్లోనే ఇంకా ఏమీ చెప్పలేదంట," అంది.

చేతిలోని చెప్పులు మెట్ల మీద జతగా పెట్టాను. లోపలి నుంచి అవ్వ, "ఎండలో నిలబెట్టి ఏం మాట్లాడుతాండావే, అన్నానికి రమ్మను," అంది. కడుపునిండా తిని వచ్చాను. ఆ శ్రావణంలో మా పెళ్లయింది.