సర్వే అంటే ఊరికే చూడటమేనట

మా చిన్నప్పుడు, అనంతగిరి దగ్గర మా గూడెంలో "సర్వే" అన్న మాట వినపడితే చాలు... మా నాయనమ్మ చేతిలో చాట కింద పెట్టేసేది. దోమల మందు కొట్టడానికి వచ్చినా సర్వే, పిల్లల్ని లెక్కపెట్టడానికి వచ్చినా సర్వే. మాకు తెలిసిన మొదటి ఇంగ్లీషు మాట అదేనేమో!

నేను నాలుగో తరగతిలో ఉండగా, ఎవరో ఇద్దరు గొలుసు పట్టుకుని మా కొండెక్కుతున్నారని తెలిసింది. సర్వేకట. నాయనమ్మ నన్ను బడికి తరిమింది. "బేగి ఎల్లి ఆ మాటకి అర్థం ఏటో మేస్టార్ని అడుగు" అంది.

మేష్టారు డిక్షనరీ తీశారు. సర్వే అంటే చూడటం... అసలు లాటిన్‌లో "పైనుంచి చూడటం" అట, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగిందట. పరుగున వచ్చి చెప్పాను. "ఊరికే సూత్తారంట నాయనమ్మా!"

"సూడ్డానికైతే గొలుసేటికే గుంటా?" అంది. మేష్టారి పుస్తకంలో నేల కొలిచే గొలుసు సంగతి లేదు మరి.

మా కొండవాలు ఆ ఏడు ఖాళీగా ఉంది. రెండు మూడేళ్లు చోడి, సామ పండించాక నేలని కొన్నేళ్లు వదిలేయడం మా అలవాటు... అదీ అలసిపోతుంది కదా.

గొలుసుతో వచ్చిన ఇద్దరిలో ఒకాయన "ఇది ఎవరిదమ్మా?" అని అడిగాడు. పక్క గూడెంలో ఒకాయన "నాదే" అన్నందుకు, అడవి కొట్టాడని కేసు పెట్టారట. నాయనమ్మకి అదే గుర్తొచ్చినట్టుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మాది కాదు బాబూ... కొండది" అంది.

ఆయన అదే రాసుకుని వెళ్లిపోయాడు.

నేల అలసట తీరాక విత్తనాలు పట్టుకుని వెళితే, అక్కడ సర్కారు కంచె ఉంది. నాయనమ్మ ఆ కంచె పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఊరికే చూస్తారని చెప్పింది నేనే కదా అని ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొన్న మాకు మిగిలిన రెండో వాలు మీద డ్రోన్ తిరిగింది... సర్వే అట! మేష్టారు చెప్పిన అర్థం ఇన్నాళ్లకి నిజమైంది, పైనుంచే చూస్తున్నారు. ఆ వాలూ ఈ ఏడు ఖాళీగానే ఉంది. నేను మధ్యలో నిలబడి "మాదే... ఇది మాదే!" అని గొంతు చించుకుని అరిచాను. అది కాసేపు ఆగి, పక్క కొండ మీదకి వెళ్లిపోయింది.

మీ ఇళ్లలో ఏ ఇంగ్లీషు మాట వింటే పెద్దవాళ్లు తలుపేసేవారో చెప్పండి... మా నాయనమ్మనైతే, ఎవరిదమ్మా అని అడగడానికి ఒక మనిషైనా వచ్చాడు.