రెండో వైపు చివర

మా నాయన ఫిడేలు క్యాసెట్‌ను ఎవరూ కొనలేదు. ఈ మాట ఆయన ముందు నేను ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడం వల్లే ఇంత జరిగింది.

ఆయన జమ్మలమడుగులో బడిపంతులు. తాతల నాటి నుంచి మేం చర్చివాళ్లం. మా పాత కీర్తనలన్నీ రాగాల్లో కట్టినవే. వాటిని మాటలు లేకుండా, తీరిగ్గా ఆలాపన చేసి ఫిడేలు మీద వాయించడం ఆయనకు పిచ్చి. ఆ పిచ్చి ముదిరి ఒకసారి కడపకు పోయి రికార్డు చేయించుకున్నాడు. రెండో వైపు చివర మంగళం ఉంది. దాంట్లో ఒకచోట స్వరం నేరుగా పైకెక్కి నిలవాలి. ఆయన వేలు జారి, కాసేపు కిందే తచ్చాడి, ఆ తర్వాత ఎక్కింది. మళ్లీ వాయిస్తానని బతిమాలాడట గానీ స్టూడియోవాళ్లు టైమైపోయిందన్నారు. ఇంట్లో ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి టేప్‌రికార్డరు టక్కున ఆపేసేవాడు.

నేను అప్పుడు ప్రొద్దుటూరులో ఒక క్యాసెట్ల షాపులో పనిచేసేదాన్ని. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. షాపాయన నాయనకు చిన్ననాటి స్నేహితుడు, నాకు మామ. నమాజుకు పోయినప్పుడల్లా షాపును నా మీద వదిలేసి పోయేంత నమ్మకం. స్నేహం కొద్దీ నాయన క్యాసెట్లను కళ్లకు ఎదురుగా ఉండే అరలో పేర్చాడు. చర్చివాళ్లు వచ్చి, "మాటలేవిమా? ప్రభువు పేరే ఇనపడదే!" అని పెదవి విరిచారు. మిగతావాళ్లు అట్ట మీద సిలువ చూసి వెనక్కి పెట్టారు. సంగీతం తెలిసిన పెద్దమనిషి ఒకాయన మాత్రం నిలబడి అంతా విన్నాడు. బ్రహ్మాండంగా ఉందన్నాడు. కొనకుండా పోయాడు.

అమ్ముడుపోయినవి పార్టీ పాటలు. అవి ఎన్నికల రోజులు. అన్నను పులితో, సింహంతో, అడవిలో మిగిలిన జంతువులన్నిటితో పోల్చి, సినిమా వరసల్లో కట్టిన పాటలు. ఈ పార్టీకి ఒక క్యాసెట్, ఆ పార్టీకి ఇంకొకటి. రెండిట్లోనూ అదే డప్పు, అదే గొంతు, మారింది అన్న పేరొక్కటే. ఒకరికి రికార్డు చేసి ఇంకొకరికి చేయనంటే షాపు మిగలదు కాబట్టి మామ ఇద్దరికీ చేసేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ పాటలు నాకూ నచ్చాయి. డప్పు మొదలుకాగానే కౌంటరు కింద నా కాలు ఊరుకునేది కాదు. నాయనకు తెలిస్తే మూడు రోజులు అన్నం సహించేది కాదు.

ఇంటికి పోగానే ఆయన అడిగేది ఒకటే మాట.

"ఈ పొద్దు ఎన్ని పోయినాయి పాపా?"

"రెండు పోయినాయి నాయనా."

మరుసటి రోజు అరలోంచి రెండు తీసి కింద పెట్టెలో దాచేదాన్ని. అబద్ధమైనా పద్ధతిగా ఆడాలి కదా.

ఎన్నికలు దగ్గరపడ్డాక గొడవలు ఎక్కువయ్యాయి. ఎక్కడో బాంబులు పడ్డాయని దారిలో లారీలు ఆగాయి, మాకు ఖాళీ క్యాసెట్లు రాలేదు. అదే రోజు రెండు పార్టీల మనుషులూ గంట తేడాలో వచ్చి, సాయంత్రానికి జీపులన్నిటికీ క్యాసెట్లు కావాలని చెప్పిపోయారు. అడిగినట్టు లేదు, చెప్పినట్టే ఉంది. మామ నెత్తిన చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అరలోని నాయన క్యాసెట్ల వైపు చూసి, వెంటనే తల తిప్పేసుకున్నాడు.

"నేనడగనులే పాపా," అన్నాడు.

ఆయన అడగలేదు. నేనే తీశాను. రికార్డయిన క్యాసెట్ పైఅంచున రెండు చిన్న పొక్కలుంటాయి. వాటిలో కాగితం ఉండ చేసి కుక్కితే దాని మీద మళ్లీ రికార్డు చేయొచ్చు. నాయన క్యాసెట్లన్నిటికీ నా చేత్తోనే కుక్కాను. పార్టీ పాటలు రెండో వైపు ఐదు నిమిషాలు ముందే అయిపోతాయి. ఆ మిగిలిన టేపు కూడా చెరగాలంటే ఊరికే తిరగనివ్వాలి. అంత తీరిక ఆ రోజు ఎవరికుంది? పాట అయిపోగానే ఆపేసి, ఇంకోటి పెట్టాను.

ఇంటికి పోయాక నాయన అడిగాడు. నోటికి అదే వచ్చేసింది.

"అన్నీ పోయినాయి నాయనా. ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత ఫిడేలు దించి శ్రుతి చేసుకున్నాడు, రెండో క్యాసెట్‌కు సాధన అన్నాడు. ఆదివారం చర్చిలో కనపడిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. నేను పక్కనే నిలబడి నవ్వాను. అలా నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

ఆ తర్వాతి శనివారం నాయన మామకు ఇవ్వాలని మైసూరుపాకు పొట్లం పట్టుకుని షాపుకొచ్చాడు. ఎదురుగా టీ అంగడి దగ్గర పార్టీ జీపు ఆగి ఉంది. మైకులో అన్న గర్జిస్తున్నాడు. పాట అయిపోయింది. టక్కుమని చిన్న చప్పుడు. ఆ వెంటనే, ఆలాపన మధ్యలోంచి, మా నాయన ఫిడేలు.

జీపులో ఒకడు క్యాసెట్ తిప్పబోతే, టీ తాగుతున్న డ్రైవరు వారించాడు.

"తిప్పొద్దురా, ఉండనీ. పొద్దున్నుంచి చెవులు పగుల్తాండాయి. ఇదొక్కటీ సల్లగా ఉంటాది."

నాయన రోడ్డు మీదే నిలబడి మంగళం చివరిదాకా విన్నాడు. వేలు జారిన చోటు వచ్చింది, పోయింది. ఈసారి ఆపడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. తర్వాత లోపలికొచ్చి పొట్లం కౌంటరు మీద పెట్టాడు. ఖాళీ అరను చూశాడు.

"అంతా చెరిపి, ఆ తప్పొక్కటి మిగిల్చినావా పాపా?"

రాత్రి కాళ్ల దగ్గర కూర్చుని ఏడిస్తే నన్ను తిట్టలేదు. "చెరిపినందుకు కాదుమా. అమ్ముడుపోయినాయని ఊరంతా చెప్పుకుంటినే," అన్నాడు. మరుసటి రోజు ఫిడేలు బీరువా మీదికి ఎక్కింది. రెండో క్యాసెట్ మాట మళ్లీ రాలేదు. ఆయన తిట్టి ఉంటే నేనూ ఎదురు తిరిగి నాలుగు అని ఉండేదాన్ని, నా నోరు అలాంటిదే. ఆయన ఊరుకునేసరికి ఏం చేయాలో తోచలేదు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ ఎరగను.

ఎన్నికలు అయిపోయాయి. పులివెందుల వైపు ఒక పల్లెలో చర్చికి కొత్త కప్పు వేసి ప్రార్థన పెట్టుకుని నాయనను పిలిచారు. ఆయన వద్దని మొహం మాడ్చుకున్నా వినకుండా ఫిడేలు పెట్టె చేత పట్టుకుని ఆయన్ను బస్సెక్కించాను. ఆరాధన చివర ఆ ఊరి ఆడవాళ్లు మంగళం ఎత్తుకున్నారు. అందరూ కూలికి పోయేవాళ్లు, సంగీతం నేర్చుకున్నవాళ్లు కాదు. స్వరం పైకెక్కాల్సిన చోట అందరి గొంతులూ ఒక్కసారిగా జారాయి, కిందే తచ్చాడాయి, ఆ తర్వాత ఎక్కాయి.

నాయన నా వైపు తిరిగి చూశాడు.

"ఇట్ల పాడేది మీకెవరు నేర్పించినారుమా?" అని ముందు వరసలోని ముసలామెను అడిగాడు.

"ఎవురు నేర్పిస్తారు సారూ! ఎలచ్చన్లప్పుడు జీపుల్లో వస్తాండె కదా. ఈ పార్టీ జీపులోనూ అదే, ఆ పార్టీ జీపులోనూ అదే. మా ఊర్లో రెండు పార్టీల ఈదులోల్లకూ వచ్చు."

"అది తప్పుమా. స్వరం నేరుగా పోవాల," అని ఆయన పాడి చూపించాడు.

ఆమె శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపింది. "అట్ల పాడితే ఏడుపు రాదు సారూ. మాకు ఇట్లనే శానా బాగుండాది."

 నాయన నా వైపు చెయ్యి చాపాడు. పెట్టె తెరిచి ఇచ్చాను. శ్రుతి చేసుకుని, మళ్లీ మొదలుపెట్టమన్నాడు. దిద్దుతాడనుకున్నాను. బళ్లో పిల్లల కొమ్ముల్ని, దీర్ఘాల్ని కూడా వదలని మనిషి.

ఆ చోటు వచ్చింది. ఆడవాళ్ల గొంతులతో పాటే ఫిడేలూ కిందికి దిగింది. ఈసారి వేలు జారలేదు, ఆయనే జార్చాడు. నాకు ఏడుపు ఆగలేదు.