వరస తప్పిన నవల

నేను సొంతంగా అచ్చు వేయించుకున్న కాలయాత్ర నవలలో బైండరు అధ్యాయాలు తారుమారు చేశాడు. అమ్ముడుపోని కాపీలు సరిచేయించుకుందామని మూట కట్టుకుని, జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కాను. పక్క సీటులో ఒకావిడ ఆ నవలే చదువుతోంది!

“ఎలా ఉందండీ?” అన్నాను బెరుగ్గా.

“మొదట తిట్టుకున్నానండి. పిల్లలు పుట్టాక హీరో పెళ్లిచూపులకి బయల్దేరాడేంటా అని! తర్వాత తెలిసింది, కాలంలో తిరిగేవాడి కథ అట్లాగే ఉండాలిగా! రాసినాయన బుర్రే బుర్ర!” అని ఆవిడ మళ్లీ పుస్తకంలో తల దూర్చింది.

రాసింది నేనేనని చెప్పలేదు. మూటను మాత్రం కాళ్లతో సీటు కిందికి తోశాను. నందిగామలో దిగి, బైండరు దగ్గరికి పోకుండా తిరుగు బస్సెక్కాను.

ఇప్పుడు రెండో నవల రాస్తున్నాను. వరస తప్పించాలని ఎంత తంటాలు పడుతున్నా, ఆ బైండరుకున్న నేర్పు నాకింకా పట్టుబడలేదు.