మూడో పోర్టులో బొడిపె

శ్యామ్‌సుందర్‌కి ముక్కు మీద కోపమని మిషిగన్ తెలుగువాళ్ళలో పేరు. అందులో అబద్ధం లేదు గాని, ఆ కోపం దేనికి వస్తుందో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇంటికి భోజనానికి పిలవడం మరిచిపోతే ఆయనకి కోపం రాదు. తలా ఒకటి వండుకొచ్చే పాట్‌లక్‌లో తన వంతు వచ్చేసరికి పులిహోర అయిపోయినా రాదు. "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగిన డాక్టరుగారు, "మెషీన్ షాపులో పనండీ" అన్న జవాబు వినగానే పక్కకి తిరిగిపోయినా పెద్దగా రాదు. ఎవరైనా లోహానికి అన్యాయం చేస్తే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలా ఎక్కిన మంట ఒకటి ఆయన్ని చాలా ఏళ్ళు కాల్చింది.

ఆయన భార్య సుమతి నర్సు. డెట్రాయిట్ ఆస్పత్రులు నర్సులు చాలక పిలిచి ఉద్యోగాలిస్తున్న 1974లో ఆమె వచ్చింది. ఆరు నెలలకి ఆమె మొగుడి హోదాలో ఈయన దిగాడు. అంతకుముందు విశాఖపట్నంలో ఓడలు బాగుచేసే వర్క్‌షాపులో పన్నెండేళ్ళు ఫిట్టరు. ఆకురాయి పట్టి ఇనప బద్దని చదును చేశాడంటే, పైన గాజు పలక పెట్టి చూసినా సందు కనపడేది కాదు. అమెరికాలో రెండేళ్ళు ఒక గ్యారేజీలో టైర్లు మార్చాక, ట్రాయ్ శివార్లలో ఉన్న రెడ్‌ఫర్న్ అనే చిన్న స్పోర్ట్స్ కార్ల కంపెనీ ఆయన చేతిని గుర్తించి తమ రేసు షాపులో పెట్టుకుంది.

అక్కడ ఆయన పని పోర్టులు తీర్చడం. సిలిండర్ హెడ్ ఇంజన్‌కి మూతలాంటిది. దాని లోపల ఉన్న సొరంగాల గుండా గాలీ పెట్రోలూ సిలిండర్లలోకి దిగుతాయి. ఆ సొరంగాలే పోర్టులు. పోత పోసినప్పుడు అవి గరుకుగా, ఇరుగ్గా ఉంటాయి. రేసు ఇంజన్‌కైతే మనిషి కూర్చుని చిన్న గ్రైండరుతో ఒక్కో పోర్టునీ చెక్కాలి. మలుపు దగ్గర ఎంత తియ్యాలి, ఎంత ఉంచాలి అన్నది ఏ కాగితం మీదా ఉండదు. లోపలికి వేలు పెట్టి తెలుసుకోవాలి. రెడ్‌ఫర్న్ ఇంజన్‌కి ఆరు సిలిండర్లు, గాలి వెళ్ళడానికి ఆరు పోర్టులు. ఆరింటినీ ఒక్క అచ్చులో పోసినట్టు చెక్కడం శ్యామ్‌సుందర్‌కి ఆటగా ఉండేది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. ఆదివారం రేసు అయితే సోమవారం పొద్దున్నే ఇంజన్ విప్పేవారు. గోడమీద నల్లబల్ల. ఎవరి తప్పు వాళ్ళే సుద్దముక్కతో రాసి, పక్కన పేరు పెట్టాలి. గెలిచినా ఓడినా రాయాల్సిందే. రేసు విభాగానికి అధిపతి బడ్ హాలరన్ ఈ పద్ధతి పెట్టాడు. తప్పు చేసినవాణ్ణి భరిస్తానుగాని దాచినవాణ్ణి భరించనని ఆయన కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. శ్యామ్‌సుందర్ ఆ మాటకి పడిపోయాడు. పన్నెండేళ్ళు విశాఖలో తప్పులన్నీ కిందివాడి నెత్తిన రుద్దడమే చూసిన మనిషి మరి.

1979 జూలైలో ఒహాయోలో ఆరు గంటల రేసు. శనివారం ప్రాక్టీసులో కారు హెడ్ పగిలింది. చేతిలో ఉన్నది ఒక్క ముడి హెడ్. లారీ నీడలో స్టూలు వేసుకుని శ్యామ్‌సుందర్ ఆరు పోర్టులూ మధ్యాహ్నంలోగా చెక్కాలి. మొదటి రెండూ ముచ్చటగా వచ్చాయి. మూడోదాంట్లో చెయ్యి జారింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ పిలవలేదు. తన చెయ్యే జారింది. గ్రైండరు కొస పోర్టు అడుగుభాగాన్ని తొలిచి, అవతల ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు పారే గదిలోకి సూదిబెజ్జమంత రంధ్రం చేసింది. ఆయన హడావిడిగా దాన్ని వెల్డింగుతో పూడ్చాడు. పూడ్చిన చోట చిక్కుడుగింజంత బొడిపె మిగిలింది. అది అరగదీసి నునుపు చెయ్యడానికి టైము లేదు, ఇంకా మూడు పోర్టులున్నాయి. హాలరన్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. నీళ్ళు కారడం లేదుగా, బిగించెయ్యమన్నాడు హాలరన్.

ఆ కారు గెలిచింది. ముందున్న రెండు కార్లు ఆగిపోవడంతో గెలిచింది. ఎలాగైతేనేం, రెడ్‌ఫర్న్ చరిత్రలో అంత పెద్ద గెలుపు లేదు. సోమవారం శ్యామ్‌సుందర్ పొద్దున్నే షాపుకి వెళ్ళి సుద్దముక్క తీసుకున్నాడు. ఇంజన్ విప్పేవాళ్ళు లేరు. అందరూ హాలులో కేకు కోస్తున్నారు. వారం తిరక్కుండా ఆ హెడ్‌ని తోమి, మెరుగుపెట్టి, ఆఫీసు వరండాలో అద్దాల పెట్టెలో పెట్టేశారు. బల్లమీద ఆ వారం ఎవరూ ఏమీ రాయలేదు.

మరుసటి ఏడు రేసు షాపు మూసేశారు. పెట్రోలు కరువు, పొగ మీద చట్టాలు, స్పోర్ట్స్ కారని పేరేగాని ఇంజన్లు నీరసించిపోయిన రోజులవి. శ్యామ్‌సుందర్‌ని మామూలు మెషీన్ షాపులోకి మార్చారు. హాలరన్ వైస్ ప్రెసిడెంటయ్యాడు. నాలుగేళ్ళకి గాలి తిరిగింది. మళ్ళీ జోరైన ఇంజన్లకి గిరాకీ వచ్చింది. ప్రతి కంపెనీ తన పాత రేసుల ఫొటోలు దుమ్ము దులిపి బయటికి తీసింది. రెడ్‌ఫర్న్ కూడా తీసింది. కొత్త కారు ఇంజన్ ఆ గెలిచిన ఇంజన్ వారసత్వంతోనే పుట్టాలని హాలరన్ తీర్మానించాడు.

ఒకరోజు శ్యామ్‌సుందర్ ఏదో పనిమీద ప్యాటర్న్ షాపుకి వెళ్ళాడు. అక్కడ ఫోర్‌మన్ ఎర్ల్ కొత్త హెడ్ పోతకి ఇసుక అచ్చులు చేయిస్తున్నాడు. బల్లమీద ఆరు అచ్చులు వరసగా ఉన్నాయి. ఆరింటికీ ఒకేచోట ఒక సొట్ట. శ్యామ్‌సుందర్ వేలు పెట్టి చూశాడు. అచ్చులో సొట్ట అంటే పోతలో బొడిపె. చిక్కుడుగింజంత! అద్దాల పెట్టెలోని హెడ్ తీసి, మూడో పోర్టులో రబ్బరు పోసి, ఆ ఆకారాన్నే ఆరింటికీ దింపారట. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆరు పోర్టుల్లో ఐదు చక్కగా ఉంటే, ఏరి కోరి చెడ్డదాన్ని పట్టుకున్నారు!

ఇంజన్ డిజైన్ ఆఫీసులో జగదీష్ అనే తెలుగు కుర్రాడు ఉన్నాడు. ఇక్కడే ఎం.ఎస్. చేసిన ఇంజనీరు. శ్యామ్‌సుందర్ సరాసరి అతని టేబుల్ దగ్గరికి వెళ్ళాడు.

"ఏమయ్యా జగదీషూ, ఆ బొడిపె ఏమిటో తెలుసా నీకు?"

"విక్టరీ రిడ్జ్ అండీ. హాలరన్ గారు పెట్టిన పేరు. దానివల్ల గాలి సుడి తిరుగుతుంది. నేనే రిపోర్ట్ ప్రిపేర్ చేశాను, ఇరవై రెండు పేజీలు."

"సుడీ లేదు, సున్నుండా లేదు. అది నేను వేసిన వెల్డింగు. నా చెయ్యి జారి పడ్డ కన్నానికి అతుకు."

జగదీష్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అయితే అయుండొచ్చండీ. కాని ఆ హెడ్ విన్ అయింది కదా. అది ఎందుకు ఉందో ఎక్స్‌ప్లెయిన్ చేయమన్నారు, చేశాను. సుడి నిజంగా ఉందా లేదా అని నన్నెవరూ అడగలేదు."

"టెస్ట్ చేశావా?"

"షెడ్యూల్‌లో టైమ్ లేదండీ."

ఇరవై రెండు పేజీల్లో బాణాలు గీసి సుడిగాలి పుట్టించినవాడికి, ఒక్క టెస్టుకి టైము లేదు! శ్యామ్‌సుందర్ రెండు వారాలపాటు లంచ్ మానేసి, గాలి ఎంత పారుతుందో కొలిచే బల్లమీద తనే కొలిచాడు. బొడిపె ఉన్న పోర్టులో నూటికి ఏడు వంతులు గాలి తక్కువ పోతోంది. అంకెలు రాసి డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ఇచ్చాడు. గోడకి చెప్పుకున్నట్టే అయింది. ఆఖరికి హాలరన్ గదికే వెళ్ళాడు.

హాలరన్ కాగితం చూశాడు, పక్కన పెట్టాడు. జనం ఈ కారులో చూసేది చరిత్రని, ఆ రోజు గెలిచినదాన్ని తాకే హక్కు నీకూ నాకూ లేదని అన్నాడు. ఆ రోజు తను వచ్చి చెప్పిన సంగతి గుర్తులేదా అని శ్యామ్‌సుందర్ అడిగాడు. హాలరన్ నవ్వి, భుజం తట్టి, చాలా ఏళ్ళయింది శ్యామ్, మనం ముసలివాళ్ళమవుతున్నాం అన్నాడు. గుర్తుందో లేదో ఆ నవ్వులో తేలలేదు.

ఇంటికొచ్చి అన్నం కలుపుతూ శ్యామ్‌సుందర్ ఇదంతా సుమతికి చెప్పాడు. ఆమె విని విస్తుపోయింది.

"మా వార్డులో పొరపాటున ఒకరి మందు ఇంకొకరికి ఇస్తే వెంటనే చార్ట్‌లో రాసి సైన్ చేస్తామండీ. మీవాళ్ళేమిటి, తప్పుకి దండ వేసి హారతిస్తున్నారు?"

"అదే కదా సుమతీ! రేసులో నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది సోమవారం పొద్దున్న నేర్చుకున్నదే. ఎక్కడ తప్పామో వెతికి తీసెయ్యడం. ఆ ముక్క వదిలేసి బొడిపెని పట్టుకున్నారు. వేలకి వేలు ఇంజన్లు పోస్తారు. ఒక్కోదాంట్లో ఆరుసార్లు నా చెయ్యి జారుతుంది."

ఆయనని నిజంగా తినేసింది అదే. కంపెనీ ఏమైపోతే ఆయనకేం? ఆ చెయ్యి ఒక్కటే ఆయన ఆస్తి. ఆ చేతిని జనం ఎలా ఎరుగుతారన్నది ఆ అచ్చులతో తేలిపోతుంది.

1985లో కారు వచ్చింది. డెట్రాయిట్ ఆటో షోలో హెడ్‌ని అడ్డంగా కోసి, బొడిపెకి ఎర్రరంగు వేసి నిలబెట్టారు. శ్యామ్‌సుందర్ వెళ్ళనన్నా, పదకొండేళ్ళ కూతురు విద్య చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. టై కట్టుకున్న కుర్రాడొకడు, ఈ రిడ్జ్ రేసు ట్రాక్‌లో పుట్టిందని వచ్చినవాళ్ళందరికీ వివరిస్తున్నాడు. విద్య కళ్ళు పెద్దవి చేసింది.

"డాడీ, రేస్ హెడ్ నువ్వే చేశావు కదా? ఇది నువ్వు చేశావా? సో కూల్!"

అవునంటే అబద్ధాన్ని ఒప్పుకోవాలి, కాదంటే నిజాన్ని కాదనాలి. కూతురు మొట్టమొదటిసారి తన పనిని చూసి మురుస్తోంది, చూస్తున్నది మాత్రం తన సిగ్గుని. శ్యామ్‌సుందర్ పిల్లని ఐస్‌క్రీమ్ కొట్టు వైపు నడిపించాడు. ఆ రోజు ఆయనకి వచ్చిన కోపం మామూలు కోపం కాదు. దాంట్లో ఏడుపు కూడా కలిసింది.

ఏడాది తిరిగేసరికి ఒక కార్ల పత్రికవాళ్ళు రెడ్‌ఫర్న్ కారు కొని, హెడ్ విప్పి, ఆరు బొడిపెలూ అరగదీసి, ఇంజన్ మళ్ళీ బిగించి నడిపారు. పద్నాలుగు హార్స్‌పవర్ పెరిగింది. ముందు చిత్రం, తర్వాత చిత్రం పక్కపక్కనే వేసి నవ్వుకున్నారు. కారు కొన్నవాళ్ళ ఉత్తరాలు గుట్టలు పడ్డాయి. అప్పుడు కంపెనీకి శ్యామ్‌సుందర్ గుర్తొచ్చాడు.

మీటింగు గదిలో హాలరన్, జగదీష్, ఎర్ల్ ఉన్నారు. జగదీష్ తల ఎత్తకుండా ఒక కాగితం జరిపాడు. పత్రికలకి ఇచ్చే ప్రకటన. 1979లో తమ రేసు షాపు టెక్నీషియన్ శ్యామ్‌సుందర్ చేతి పొరపాటు తెలియకుండా ఉత్పత్తిలోకి వచ్చిందని, అతను దాన్ని ఒప్పుకున్నాడని ఉంది. కింద సంతకానికి గీత. పదేళ్ళ నౌకరీలో కంపెనీ కాగితం మీద ఆయన పేరు అచ్చవడం అదే మొదలు. అక్షరం తప్పు లేకుండా వేశారు.

పొరపాటు అతనిదే అనడానికి సాక్ష్యం కూడా ఉందని హాలరన్ ఒక పాత అట్టముక్క టేబుల్ మీద పెట్టాడు. రేసు షాపులో ఏ హెడ్‌కి ఆ హెడ్ పనివివరం, పోర్టుకొక గడిలో, చేసినవాడే రాసి పొడి అక్షరాలు పెట్టే అట్ట. స్టోరులో వెతికి తీయించాడట. మూడో గడి కింద ఎర్ర పెన్సిలు గీత.

శ్యామ్‌సుందర్ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. జగదీష్ వైపు తోశాడు.

"చదువు. ఇంగ్లీషులోనే, అందరికీ వినపడేటట్టు."

జగదీష్ హాలరన్ వైపు చూశాడు. మూడో గడి చదివితే చాలన్నాడు హాలరన్.

"మూడో గడి చదివే నోటికి మిగతా ఐదూ బరువా? మొదటినుంచీ చదువు."

జగదీష్ చదివాడు. "ఒకటి, ఎస్.ఎస్. రెండు, ఎస్.ఎస్. మూడు, ఎస్.ఎస్. చెయ్యి జారి నీటిగదిలోకి రంధ్రం పడింది. వెల్డింగు చేశాను. నునుపు చెయ్యడానికి టైము లేదు." అక్కడ గొంతు ఆగింది. చిన్న అక్షరాలతో ఇంకో ముక్క ఉంది.

"ఆగకు."

"బి.హెచ్.కి చెప్పాను."

బి.హెచ్. ఎవరో ఆ గదిలో ఎవరినీ అడగక్కర్లేదు. హాలరన్ ముఖం కందగడ్డయింది. జగదీష్ మిగతా మూడూ గబగబా చదివేశాడు. నాలుగు, ఎస్.ఎస్. ఐదు, ఎస్.ఎస్. ఆరు, ఎస్.ఎస్.

"పొరపాటు నాదే," అన్నాడు శ్యామ్‌సుందర్ హాలరన్‌తో. "చేసిన రోజే చెప్పాను. మీరు దాన్ని గుడిలో పెట్టి అచ్చులు తీయించినప్పుడు మళ్ళీ చెప్పాను. రేసు గెలిచింది కంపెనీ, జారింది మాత్రం నా చెయ్యి, అంతేనా? నా పేరు వేస్తే ఈ అట్టలో ఉన్నదంతా వెయ్యండి. లేదా ఏదీ వెయ్యకండి."

హాలరన్ అట్టని తనవైపు లాక్కున్నాడు. తర్వాత పెన్ను తీసి, ప్రకటనలో శ్యామ్‌సుందర్ పేరున్న వాక్యం కొట్టేశాడు. ఎవరి పేరూ లేకుండా పంపించమని జగదీష్‌కి చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. అతని నోట క్షమించమన్న మాట రాలేదు. అది వస్తుందని శ్యామ్‌సుందర్ అనుకోనూ లేదు.

ఎర్ల్ మాత్రం లేవలేదు. ఇబ్బందిగా టోపీ సర్దుకుని, అచ్చులు మళ్ళీ చెయ్యాలి, డ్రాయింగులు లేవు, ఆ పాత హెడ్ తప్ప వేరే దారి లేదన్నాడు. ఈసారి ఏ పోర్టులో రబ్బరు పొయ్యమంటావని అడిగాడు.

"మూడోది తప్ప ఏదైనా తీసుకో," అన్నాడు శ్యామ్‌సుందర్. "అన్నీ నేను చేసినవే."