కిటికీ దాకా నడిచారు

మా ఆయన కండ్లకోయలో కాలేజీ బస్సు నడుపుతారు. స్కూటర్ మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే, మేడ్చల్‌లో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇక నడవొచ్చని డాక్టర్ చెప్పి నాలుగు రోజులైంది. ఈయన మాత్రం వాకర్ పట్టుకుని నిలబడతారు, వెంటనే "ఇగ నాతోని కాదు" అని కూర్చుంటారు. ఆ కాలి మీద నమ్మకం పోయింది. మళ్లీ బస్సు నడపలేనేమోనని లోలోపల దిగులు.

ఈ రోజు పొద్దున నేను ఇడ్లీ పొట్లం విప్పుతుంటే, కింద ఆస్పత్రి ఆవరణలో ఏదో బస్సు రివర్స్ తీస్తున్న చప్పుడు వినిపించింది. నేను తల తిప్పేలోగా ఈయన వాకర్ అందుకుని కిటికీ దగ్గరికి చేరిపోయారు.

"ఓ అన్నా! ఆపు, ఆపు! ఎనక గోడున్నది. లెఫ్ట్‌కు కొట్టు!"

బస్సు ఆగింది. పడిపోతే పట్టుకుందామని నేను ఆయన వెనకాలే రెండు చేతులూ చాచి నిలబడ్డాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

"ఏందయ్యా, నీతోని కాదంటివి? ఈడిదాక నిన్ను ఎవలు తెచ్చిన్రు?" అన్నాను.

ఆయన మంచం వైపు, తన కాలి వైపు మార్చి మార్చి చూసుకున్నారు. గొంతు తగ్గించి, "గా ఫిజియోథెరపీ మేడంకు చెప్పకే. రేపు వరండా మొత్తం తిప్పుతది" అన్నారు.

ఆమెకు చెప్పలేదు. ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని మాత్రం ఆయన అనలేదు. మీ ఇళ్లలో ఇలాంటి మొండి మనుషులను ఎలా నడిపించారో కొంచెం చెప్పండి.